నాన్నగారికి మాత్రం చెప్పకండి!

నా వైద్యవృత్తిలో అత్యధిక పర్యాయాలు విన్న వాక్యం ఏదని ఎవరైనా అడిగితే, ‘నొప్పిగా ఉంది’ అన్నది కాదు. ‘డాక్టరుగారూ, నాన్నగారికి మాత్రం చెప్పకండి’ అన్నది. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఒక పాత భవనం మేడ మీద గదిలో మూడు దశాబ్దాలకు పైగా రోగులను చూశాను. ఆ వాక్యం రోగి ఎదుట ఏనాడూ వినిపించలేదు. పరీక్ష ముగిశాక తండ్రిని బయట బల్ల మీద కూర్చోబెట్టి, గొడుగు మరచిపోయాననో, ఫీజు ఇవ్వలేదనో ఒక మిషతో కొడుకు ఒక్కడే తిరిగి లోపలికి వచ్చేవాడు. వస్తూ తలుపు దగ్గరగా వేసేవాడు. తరువాత గొంతు తగ్గించి ఆ మాట అనేవాడు.

ఆ తలుపు మూయడం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రేమతో మూసినా తప్పే. అంతకంటే పెద్ద తప్పు, మూసిన తలుపు వెనుక కూర్చుని ‘అలాగే’ అని తల ఊపిన వైద్యుడిది. నేనూ తల ఊపినవాణ్ణే గనుక, మాట కొంత కటువుగా ఉన్నా పాఠకులు మన్నించాలి.

నాంపల్లిలో తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేవారిని ఎప్పుడైనా గమనించారా? గంపలతో, పెళ్లి సామానుతో దిగేవారి నడుమ కొన్ని కుటుంబాలు వేరుగా కనిపిస్తాయి. చీరల దుకాణం సంచిలో ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు ఉంటాయి. మధ్యలో చిక్కిపోయిన ఒక పెద్దమనిషి, ఆయనకు ఇరువైపులా ఇద్దరు. వారు వెళ్లవలసింది పక్కనే ఉన్న రెడ్‌హిల్స్‌కు. అక్కడ, తరువాతి కాలంలో గుజరాత్‌కు తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరిట, 1955 నుంచీ ప్రభుత్వ క్యాన్సర్ వైద్యశాల ఉంది. ఇంటి దగ్గర పెద్దాయనకు ‘కడుపులో పుండు, పట్నంలో పెద్ద డాక్టరు ఉన్నాడు’ అని చెప్పి తెస్తారు. ఆటో పిలిచి, జాగ్రత్తగా, ‘ఎం.ఎన్.జె.కు వస్తావా?’ అని అడుగుతారు. ఆటో అతను మీటరు మీద చేయి వేసి, ‘క్యాన్సర్ దవాఖానకేనా?’ అని నిలువునా అడిగేస్తాడు. మూడు వారాలుగా పదిమంది చుట్టాలు కాపాడుకొచ్చిన రహస్యం స్టేషను బయట ఒక్క క్షణంలో బట్టబయలవుతుంది. పెద్దాయన ఏమీ విననట్టు కూర్చుంటాడు. కొడుకు ఏమీ జరగనట్టు కిరాయి బేరమాడతాడు. ఇద్దరూ ఒకే ఆటోలో, భుజాలు రాసుకుంటూ, అబద్ధాన్ని మధ్యలో పెట్టుకుని ప్రయాణిస్తారు.

తెలియకుండా దాచగలమన్నది మొదటి భ్రమ. రోగికి చదువు లేకపోవచ్చు, బుద్ధి లేకపోలేదు. తన శరీరం తనకు చెప్పేది ఉంటుంది. కోడలి గొంతులో హఠాత్తుగా పుట్టిన మెత్తదనం చెప్పేది ఉంటుంది. ఎన్నడూ రాని బావమరిది పండ్లు పట్టుకుని రావడం చెప్పేది ఉంటుంది. మనం దాచగలిగేది జబ్బును కాదు. దాన్ని గురించి మాట్లాడే అవకాశాన్ని మాత్రమే ఆయనకు లేకుండా చేయగలం.

నా రోగి ఒకరి సంగతి చెబుతాను. వారి కుమారుని అనుమతితో, ఆనవాళ్లు కొన్ని మార్చి రాస్తున్నాను. ఆయన అబిడ్స్‌లోని పెద్ద తపాలా కార్యాలయంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవారు. ఆకలి మందగించి, ఆరు నెలల్లో చొక్కాలు వదులైపోయి నా దగ్గరకు వచ్చారు. ఎండోస్కోపీకి పంపాను. బయాప్సీలో జీర్ణాశయ క్యాన్సర్ అని తేలింది, అప్పటికే కాలేయానికి పాకింది. గొడుగు మరచిపోయి వచ్చిన కొడుకు, ‘అల్సర్ అని చెబుదాం డాక్టరుగారూ, ఆయన గుండె తట్టుకోలేదు’ అన్నాడు. నేను సరేనన్నాను. కీమోథెరపీకి ‘పుండు మాన్పే సెలైన్’ అని పేరు పెట్టాము.

రెండు విడతల తరువాత ఆయనకు కొంత ఆకలి పుట్టింది. వెంటనే మూడో విడతకు రానని భీష్మించారు. పుండు మానింది కదా, పిల్లవాడి డబ్బు ఎందుకు తగలేయాలన్నది ఆయన వాదం. మేము చెప్పిన అబద్ధం ప్రకారం చూస్తే అది నూటికి నూరుపాళ్లు సరైన తర్కం. దాన్ని ఖండించడానికి మరో అబద్ధం అల్లవలసి వచ్చింది. ఒకనాడు కొడుకు మందుల చీటీ తేవడానికి కిందికి దిగినప్పుడు, ఆయన తలపాగా సవరించుకుంటూ, ‘పుండుకు జుట్టు ఊడుతుందా డాక్టరుగారూ?’ అని అడిగారు. ఆ ప్రశ్న అడగడానికి ఎన్ని రోజులు అదను చూసుకున్నారో! నేను రక్తపోటు యంత్రం వైపు చూస్తూ, ‘కొందరికి ఊడుతుంది’ అన్నాను. ఆయన మరి నన్నేమీ అడగలేదు, చివరిదాకా.

ఆయన పోయిన నెలకు ఆవిడ వచ్చి ఒక మాట చెప్పారు. ఆయనకు అంతా తెలుసు. ల్యాబులో నకలు కాగితం తీసుకుని, తన పాత సహోద్యోగి చేత చదివించుకున్నారు. రాత్రి భార్యతో, ‘నాకు తెలుసని వాడికి తెలియనివ్వకు, వాడు తట్టుకోలేడు’ అన్నారట. కొడుకు తండ్రి గుండెను కాపాడుతున్నాడు, తండ్రి కొడుకు గుండెను కాపాడుతున్నాడు, తల్లి ఇద్దరి రహస్యాలనూ రెండు చెవుల్లో మోస్తూ వంట చేస్తున్నది. ఆ ఇంట్లో చివరి అయిదు నెలలు అలా గడిచాయి. కొన్నాళ్లకు కొడుకు కూడా వచ్చాడు. ‘నాన్న నాతో క్రికెట్ స్కోరు తప్ప మరేమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆయనకు తెలియదు కదా డాక్టరుగారూ?’ అన్నాడు. తెలియదన్నాను. అది నా మూడో అబద్ధం. ఏడాది తరువాత అతణ్ణి పిలిచి నిజం చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, అతడు అడిగింది ఒక్కటే: ‘అయితే అమ్మకు కూడా తెలుసా?’

ఈ స్థితికి సమాజశాస్త్రంలో పేరే ఉంది. అమెరికాలో గ్లేసర్, స్ట్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆసుపత్రులలో మరణాసన్నులను పరిశీలించి 1965లో ఒక గ్రంథం వెలువరించారు. రోగికీ తెలుసు, చుట్టూ ఉన్నవారికీ తెలుసు, అయినా అందరూ తెలియనట్టు నటించే దశను వారు పరస్పర నటన అన్నారు. మన ఇళ్లలో ఈ నాటకానికి తెర పడేది పదకొండో రోజునే.

ఇక్కడ కొందరు మిత్రులు లేచి, ‘అదంతా పాశ్చాత్యుల పద్ధతి, మనది కుటుంబ సంస్కృతి’ అంటారు. నేను ఈ వాదాన్ని చాలాకాలం నమ్మాను. చదివితే తెలిసింది వేరు. 1961లో షికాగో వైద్యులను ప్రశ్నించిన ఒక సర్వేలో దాదాపు 90 శాతం మంది, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే తరహా ప్రశ్నలు వేస్తే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్లలో అమెరికా సంస్కృతి, మతం, రక్తసంబంధాలు మారిపోలేదు. చికిత్సలు మెరుగయ్యాయి, రోగుల హక్కుల స్పృహ పెరిగింది, వైద్యుల అలవాటు మారింది. జపానులో 1989 జనవరిలో చక్రవర్తి హిరోహితో క్యాన్సర్‌తో మరణించేదాకా ఆయనకు జబ్బు పేరు చెప్పలేదు. ఆ దేశంలోనూ ఈనాడు రోగికి చెప్పడమే సాధారణమైంది. కాబట్టి మనం సంస్కృతి అని భుజాన మోస్తున్నది అన్ని దేశాల వైద్యులూ ఒకప్పుడు మోసి దించుకున్న బరువే.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది: ‘చెబితే ఆ దిగులుతోనే పోతాడు.’ దీన్ని తేలికగా కొట్టివేయను. స్వీడన్‌లో 60 లక్షలకు పైగా జనుల రికార్డులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాన్సర్ నిర్ధారణ అయిన తొలి వారంలో ఆత్మహత్యల రేటు క్యాన్సర్ లేనివారితో పోలిస్తే దాదాపు 12 రెట్లు, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే రేటు 5 రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. మొత్తం మీద అలాంటి మరణాలు అరుదే గాని, ప్రమాదం నిజం. ఆ తొలి వారాల్లో రోగిని ఒంటరిగా వదలరాదని ఇది హెచ్చరిస్తున్నది. వరండాలో నిలబెట్టి, సెల్‌ఫోను మోగుతుండగా, ‘నాలుగో స్టేజి’ అని ఒక్క ముక్కలో విసిరే వైద్యుడు ప్రమాదకారి. అంతేగాని ఈ అధ్యయనం దాచమని చెప్పదు. ఆటో అతని నోట విని, లాడ్జి గదిలో గోడ వైపు తిరిగి పడుకున్న మనిషికి ఆ దిగులు తక్కువా? ఆయన దాన్ని ఎవరితోనూ పంచుకోకూడదని మనమే కట్టడి చేశాం.

దాచడం వల్ల పోయేది మనశ్శాంతి ఒక్కటే అయితే నేను ఇంత రాయను. చికిత్సే చెడుతుంది. జబ్బు పేరు తెలియని మనిషి మందు విలువ ఎలా గ్రహిస్తాడు? కీమో తరువాత జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి, అప్పుడు తెల్లకణాలు తగ్గి ఉంటాయి, ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదరవచ్చు. ‘పుండు మాన్పే సెలైన్’ అనుకునేవాడు జ్వరం వస్తే ఒక పారాసిటమాల్ వేసుకుని పడుకుంటాడు. ఇక బాధానివారణ చికిత్స, అంటే పాలియేటివ్ వైద్యం, తొలినుంచే మొదలుపెట్టాలంటే రోగితో మనసు విప్పి మాట్లాడక తప్పదు. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిపై జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో, సాధారణ చికిత్సకు తోడు ఈ వైద్యాన్ని ముందే పొందినవారిలో దిగులు తగ్గింది. చివరిదశలో అనవసరపు తీవ్ర చికిత్సలు తగ్గాయి. అయినా వారు జీవించిన మధ్యస్థ కాలం 11.6 నెలలు, తక్కినవారిది 8.9 నెలలు. మాట్లాడితే మనిషి త్వరగా పోతాడన్న భయానికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. మన దేశంలో మార్ఫిన్ దొరకడానికి ఉన్న చట్టపు చిక్కులను 2014 సవరణ కొంత సడలించింది. చట్టం సడలింది గాని, మన నోళ్లు సడలలేదు.

పొలం సంగతి కూడా చెప్పాలి. పెద్దాయన పేర ఉన్న రెండెకరాలు అమ్మి, పెద్దాయనకు చెప్పకుండా, పెద్దాయనకే వైద్యం చేయించిన కుటుంబాలను చూశాను. ‘నా తరువాత ఆవిడ ఎలా బతుకుతుంది, ఆ పొలం ఉంచండి, నాకు నొప్పి లేకుండా చూడండి చాలు’ అని అనగల మనిషిని అడగనే లేదు. ఎవరి ప్రాణమో ఆయనకు తప్ప అందరికీ అందులో ఓటుంది.

స్త్రీల విషయానికి వస్తే నా కోపం రెట్టింపవుతుంది. పురుషుడి దగ్గర దాచేటప్పుడు కనీసం ఒక కుట్ర ఉంటుంది, మంతనాలు ఉంటాయి, కొడుకు కళ్లు చెమరుస్తాయి. స్త్రీ దగ్గర దాచనక్కరలేదు, ఆమెకు చెప్పాలన్న ఊహే ఎవరికీ రాదు. ‘ఏమ్మా, ఎక్కడ నొప్పి?’ అని నేనడిగితే, ‘కుడిపక్కన సార్, పది రోజుల నుంచి’ అని భర్త జవాబు చెబుతాడు. రొమ్ములో గడ్డ అని రిపోర్టు వస్తే దాన్ని ఆయనే మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆమెకు తెలిసేది ఆపరేషను బల్ల మీద. భర్త మంచివాడైనా ఇదే వరుస. చెడ్డవాడైతే చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. నలభై నాలుగేళ్ల అవివాహిత ఒకామె, లోపల ఏముందో చూసే పరీక్ష కోసం మత్తుకు ఒప్పుకున్నది. ఆమె స్పృహలో లేని సమయంలో, బయట కూర్చున్న తల్లి సమ్మతి తీసుకుని, గర్భాశయమూ అండాశయాలూ తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, కొద్ది గంటల్లో మెలకువ వచ్చే వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని న్యాయస్థానం స్పష్టం చేసింది. తల్లి దుర్మార్గురాలు కాదు. బిడ్డ మేలే కోరింది. మేలు కోరినంత మాత్రాన ఆ దేహం మీద అధికారం రాదన్నదే ఆ తీర్పు సారం. మన ఆసుపత్రులలో ‘అటెండెంటు సంతకం’ అనే మాట అందరి నాలుకల మీదా ఉంటుంది. తెలివిలో ఉన్న రోగిని మంచం మీద వదిలి, సంతకం కోసం ఆమె బావగారిని వెతికే దృశ్యం నేను నిన్న మొన్నటిదాకా చూశాను.

మా వైద్యుల సంగతి చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. కొడుకుతో మాట్లాడటం మాకు సులువు. అతడు ఏడవడు, లెక్కలు అడుగుతాడు, నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది. తండ్రితో మాట్లాడాలంటే కుర్చీ దగ్గరకు జరుపుకోవాలి, మౌనాన్ని భరించాలి, బయట ముప్పై మంది వేచి ఉన్నారన్న సంగతి మరచిపోవాలి. భారత వైద్యమండలి 2002 నాటి వృత్తి నియమావళి, జబ్బు తీవ్రతను పెంచి గాని తగ్గించి గాని చెప్పరాదన్నది. అయితే రోగికి, బంధువులకు లేదా బాధ్యత గల మిత్రులకు తెలిసేలా చూడాలన్నది. ఆ ‘లేదా’ అన్న రెండక్షరాల సందులో దూరి మేము తప్పించుకుంటున్నాం. కుటుంబం కోరిందని చెప్పడం మాకొక సాకు. నిజానికి కుటుంబం అడగక ముందే మేము కొడుకు ముఖం వైపు చూస్తాం.

ఇదే రోగం ఇప్పుడు తిరగబడి సముద్రాలు దాటింది. డాలస్ నుంచి కూతురు వీడియో కాల్‌లో, ‘అమ్మకు చెప్పకండి అంకుల్’ అంటుంది. అదే వారం అమ్మ, ‘పిల్లకు చెప్పకండి, సెలవు దొరకదు, వీసా గొడవలు’ అంటుంది. ఇద్దరికీ సరేనన్న వైద్యుడు ఇద్దరినీ విడదీసినవాడే. కూతురు విమానం దిగేసరికి అమ్మ ఉండదు.

తెలుసుకోకూడదనుకునే రోగులు ఉండరా? ఉంటారు. కొద్దిమందిని చూశాను. ‘నాకేమీ చెప్పవద్దు, అంతా మా అమ్మాయి చూసుకుంటుంది’ అన్న ఒక పెద్దావిడ మాటను నేను అక్షరాలా పాటించాను. అది ఆమె నిర్ణయం. ఆమెను అడిగాం కాబట్టే ఆమె వద్దనగలిగింది. అడగవలసిన వేళ ఫలితం వచ్చాక కాదు, పరీక్షకు పంపే రోజే. ‘ఈ పరీక్షలో ఏదైనా పెద్ద జబ్బు కనబడితే వివరాలు మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?’ అని అందరి ఎదుటా అడగాలి. వృత్తి చివరి పదేళ్లలో నేను ఇలాగే చేశాను. చాలామంది, ‘నాకే చెప్పండి, పక్కన మావాడు ఉంటాడు’ అన్నారు. జవాబును కేసు కాగితం మీద రాసుకునేవాణ్ణి. తరువాత కొడుకు గొడుగు కోసం వచ్చినా, ఆ కాగితం చూపేవాణ్ణి. కొందరు అలిగారు. ఇద్దరు ముగ్గురు వేరే డాక్టరు దగ్గరకు వెళ్లిపోయారు.

చెప్పేటప్పుడు అంతా ఒకే రోజు కుమ్మరించనక్కరలేదు. ‘మీకు ఇప్పటిదాకా ఏమి తెలుసు?’ అని ముందు అడిగితే, సగం మంది తామే ఆ మాట అంటారు. జబ్బు పేరు చెప్పి ఆగాలి. ‘ఎన్నాళ్లు?’ అని వారు అడిగితేనే దాని గురించి మాట్లాడాలి, అదీ ఫలానా తేదీ అన్నట్టు కాదు, అది ఎవరికీ తెలియదు. నొప్పిని ఎలా అదుపు చేస్తామో, రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలో, మళ్లీ ఎప్పుడు కలుస్తామో చెప్పి పంపాలి. ఇంటివారు పక్కనే ఉండాలి. నేను కుటుంబాన్ని గదిలోంచి వెళ్లగొట్టమనడం లేదు, రోగిని కూడా లోపలికి రానివ్వమంటున్నాను.

నా వయసు డెబ్బై దాటింది. 2018లో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ ఎదుట గాని గెజిటెడ్ అధికారి ఎదుట గాని రాసుకోవచ్చన్నది. నా పత్రం సిద్ధం చేసుకున్నాను. ‘నా పరీక్షల ఫలితాలు ముందు నాకే ఇవ్వాలి’ అని విడిగా మరో కాగితం మీద రాసి, మా అబ్బాయి చేతిలో పెట్టాను. ‘ఇప్పుడెందుకు నాన్నా ఆ మాటలు’ అని, దాన్ని చదవకుండానే టీవీ కింద సొరుగులో పెట్టాడు. నెల అయింది, అక్కడే ఉంది. ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాల వారు ఫుట్‌పాత్ మీద పరిచేవేళకు ఇద్దరం కలిసి వెళుతుంటాం. ఈ వారం కారులో ఆ కాగితం పట్టుకుని కూర్చుంటాను.